బెల్టు గుర్తులన్నీ కలుస్తున్నాయి, అయినా ఇండికా అందుకోవడం లేదు

నాగావళి_ఒడ్డు
నేను ఆమదాలవలసలో ఉంటాను, ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. రెండు నెలల క్రితం నరసన్నపేట దగ్గరి ఒక పల్లెలో 2007 నాటి డీజిల్ ఇండికాను 38 వేల రూపాయలకు కొన్నాను. అది 14 నెలలుగా కొబ్బరి కమ్మల పాకలో కదలకుండా ఉంది. బ్యాటరీ మారిస్తే చాలునని అమ్మినాయన చెప్పాడు. కొత్త బ్యాటరీ వేశాను, సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. సైలెన్సర్ నుంచి తెల్లని పొగ కొద్దికొద్దిగా వస్తోంది, పచ్చి డీజిల్ వాసన ఘాటుగా ఉంది. వింత ఏమిటంటే, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి సెల్ఫ్ కొడితే ఆ గొట్టంలోంచి కూడా పొగ వెనక్కి చిమ్ముతోంది.

ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు డీజిల్ పంపు పోయిందనీ 22 వేలు అవుతుందనీ చెప్పారు, రెండో ఆయన ఇంజను మొత్తం విప్పితే తప్ప ఏమీ చెప్పలేనన్నారు. నేనే టైమింగ్ బెల్టు మూత విప్పి చూశాను. క్రాంక్‌నూ (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్‌నూ (గాలి, పొగ వచ్చిపోయే వాల్వులను తెరిచే ఇరుసు), పంపునూ కలిపి తిప్పేది ఆ పళ్ళ బెల్టే. బెల్టు తెగలేదు, పైగా కొత్తది. క్రాంక్ గేరు మీదా క్యామ్ గేరు మీదా ఎవరో వేసిన తెల్ల పెయింటు గుర్తులు సరిగ్గా కలుస్తున్నాయి, పంపు గేరు మీది గాటు కూడా దాని గుర్తుకు ఎదురుగానే ఉంది. అంటే టైమింగ్ బాగానే ఉన్నట్టే కదా? కారణం ఇంకెక్కడ వెతకాలి?

రాజాం_స్పానర్
పంపే. 14 నెలలు నిలబడిన రోటరీ పంపులో డీజిల్ జిగురుగా మారి లోపలి భాగాలు పట్టేస్తాయి. బెల్టు కొత్తదైతే, గుర్తులు కలిస్తే, ఇక టైమింగ్ గురించి ఆలోచించడం కాలయాపన. మొదటి మెకానిక్ మాట వినండి.

సాలూరు_లారీ
తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్‌లోకి దిగుతోందనే అర్థం, పంపు పూర్తిగా చచ్చిపోతే పొగ ఎక్కడి నుంచి వస్తుంది? దిగిన డీజిల్ మండడం లేదంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయి పుట్టే ఒత్తిడి) పోయి ఉండాలి, వాల్వులు వంగి ఉంటాయి. మా లారీ ఇంజన్లకు బెల్టూ లేదు, గొలుసూ లేదు, గేరు మీద గేరే. అందుకే మా ఊళ్ళో ఈ తలనొప్పి తెలిసినవాళ్ళు తక్కువ.

చీపురుపల్లి_చిన్నోడు
ఇంత ఆలోచన దేనికి? ట్రాక్టరుకు తాడు కట్టి, మూడో గేరులో వేసి, ఒక కిలోమీటరు లాగితే తానే అందుకుంటుంది. మా నాన్నగారి కారును అలాగే లేపాము.

పాతడీజిల్_మాస్టారు
చిన్నోడు చెప్పిన పని మాత్రం దయచేసి చేయవద్దు. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి చాలా ఎక్కువ, ఈ ఇండికా తరహా ఇంజన్లలో అది 20కి పైనే ఉంటుంది, అందువల్ల పిస్టన్ టాప్‌కు వచ్చినప్పుడు దానికీ సిలిండర్ తలకూ (హెడ్‌కూ) మధ్య మిగిలే జాగా చాలా తక్కువ. వాల్వు టైమింగ్ కొద్దిగా తప్పిన ఇంజన్‌ను సెల్ఫ్‌తో తిప్పినప్పుడు బతికిన వాల్వు, ట్రాక్టరు లాగే వేగానికి పిస్టన్‌ను కొట్టి వంగుతుంది. అప్పుడు 38 వేల కారుకు మరో 38 వేలు పెట్టవలసి వస్తుంది.

నాగావళి గారూ, మీరు టైమింగ్ అనే మాటను ఒకే వస్తువుగా చూస్తున్నారు, కాని మీ ఇంజన్‌లో రెండు టైమింగులు ఉన్నాయి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలన్నది క్యామ్ చేతిలో ఉంది, డీజిల్ ఎప్పుడు పడాలన్నది పంపు చేతిలో ఉంది, ఆ రెండింటినీ క్రాంక్‌తో కట్టేది ఒకే బెల్టు. కనుక బెల్టు తెగలేదన్నది మంచి వార్తే తప్ప సమాధానం కాదు. ముందు సులువైనవి తేల్చుకోండి. తాళం తిప్పినప్పుడు పంపు మీద ఉన్న సోలనాయిడ్ (డీజిల్ దారి తెరిచే విద్యుత్ మీట) టిక్కుమంటోందా, దానికి 12 వోల్టులు అందుతున్నాయా అన్నది చూడండి. తరువాత పంపు నుంచి నాజిళ్ళకు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) వెళ్ళే పైపుల నట్లు నాలుగూ అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, నాలుగింటి దగ్గరా డీజిల్ చిమ్మాలి. ఆ సమయంలో చేయి అడ్డం పెట్టవద్దు. చల్లని ఇంజన్‌ను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులు నాలుగూ తీసి బ్యాటరీకి తగిలిస్తే ఎర్రబడుతున్నాయో లేదో కూడా తెలుస్తుంది. ఈ మూడూ తేలేదాకా ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

టెక్కలి_టర్బో
పెట్రోలులో ముంచిన గుడ్డను ఎయిర్ గొట్టం దగ్గర పెట్టి సెల్ఫ్ కొడితే ఒకసారి అందుకుంటుందని విన్నాను.

పాతడీజిల్_మాస్టారు
అందుకుంటుంది, కొన్నిసార్లు పిస్టన్ రింగులను కూడా వెంట తీసుకుపోతుంది. హీటర్ ప్లగ్గులు వేడెక్కి ఉన్న ఇంజన్‌కు పెట్రోలు ఆవిరి గాని స్టార్టింగ్ స్ప్రే గాని పెడితే అది తన సమయానికి కాక ప్లగ్గు తగలగానే పేలుతుంది. అసలు గొట్టంలోంచి పొగ వెనక్కి వస్తున్న ఇంజన్‌కు గుడ్డ పెడితే ముందు కాలేది గుడ్డ పట్టుకున్నవాడి చేయి.

నాగావళి_ఒడ్డు
మాస్టారు చెప్పినవి నిన్న సాయంత్రం చేశాను. సోలనాయిడ్ స్పష్టంగా టిక్కుమంటోంది, మల్టీమీటరులో 12.1 వోల్టులు చూపింది. మొదట నట్ల దగ్గర నురగ వచ్చింది, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే మీట) ఓ ఇరవై సార్లు నొక్కిన తరువాత నాలుగింటి దగ్గరా శుభ్రమైన డీజిల్ గట్టిగా చిమ్మింది. హీటర్ ప్లగ్గుల్లో మూడు ఎర్రబడ్డాయి, ఒకటి చచ్చిపోయింది, దాన్ని మార్చాను. నట్లు బిగించి మళ్ళీ ప్రయత్నిస్తే పొగ పెరిగింది, వెనక్కి చిమ్మడం కూడా పెరిగింది, ఇంజను మాత్రం అందుకోలేదు.

రాజాం_స్పానర్
నాలుగింటికీ చిమ్మితే పంపు చచ్చిందన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే చిమ్మడం వేరు, నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రావడం వేరు, ఆ అనుమానం నాకు ఇంకా ఉంది.

పలాస_జీడి
ఆ కారు ఎప్పుడైనా నీటిలో మునిగిందా అని అడిగారా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ప్రాంతాన్ని తుడిచిపెట్టినప్పుడు మా బంధువుల ఇండికా గాలి గొట్టంలోకి నీరు వెళ్ళింది. నీరు కుదించుకోదు కనుక, తెలియక సెల్ఫ్ కొట్టగానే ఒక కనెక్టింగ్ రాడ్డు వంగింది. రాడ్డు వంగితే పిస్టన్ పూర్తిగా పైకి రాదు, ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోతుంది. ఆ ఏడాది జీడితోటతో పాటు కారు కూడా పోయింది, తోటకైనా పరిహారం వచ్చింది.

నాగావళి_ఒడ్డు
మునగలేదని ఊరివాళ్ళు కూడా చెప్పారు. సీట్ల కింద, తివాచీ కింద తుప్పుగాని బురద మరకగాని లేదు.

బొబ్బిలి_వీణ
నా అనుభవం వేరే కారుది, అయినా చెబుతాను, ఎందుకంటే నేనూ ఇలాగే తప్పు చోట డబ్బు పోశాను. మాది 2012 డీజిల్ స్విఫ్ట్, 1248 సీసీ కామన్ రైల్ ఇంజను (నాజిళ్ళన్నింటికీ ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచే రకం), దానికి బెల్టు ఉండదు, గొలుసు ఉంటుంది. గొలుసు అంటే జీవితకాలం మన్నుతుందని అందరూ అనడంతో నేనూ నమ్మాను. ఏడాది పాటు ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమనేది, తరువాత సద్దుమణిగేది. ఒక రోజు గజపతినగరం దాటాక ఆగిపోయి మళ్ళీ అందుకోలేదు. స్కానర్ పెడితే పి0016 అనే కోడ్ వచ్చింది, అంటే క్రాంక్ సెన్సార్ చెప్పే లెక్కకూ క్యామ్ సెన్సార్ చెప్పే లెక్కకూ పొంతన లేదని అర్థం. అక్కడి మెకానిక్ సెన్సార్ చెడిందని క్యామ్ సెన్సార్ మార్చాడు, వారం తరువాత క్రాంక్ సెన్సార్ కూడా మార్చాడు. ఇద్దరు సాక్షులు వేర్వేరు మాటలు చెబుతున్నారంటే సాక్షులనే మార్చేశాడన్నమాట. గొలుసును బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుందనీ, ఆయిల్ మట్టం తగ్గినప్పుడు గొలుసు వదులై పళ్ళు దాటుతుందనీ నాకు తరువాత తెలిసింది. విప్పి చూస్తే టెన్షనర్ చివరిదాకా బయటికి వచ్చేసి ఉంది, రెండు రాకర్లు (క్యామ్ కదలికను వాల్వుకు అందించే మీటలు) తమ చోటు నుంచి జారిపడి ఉన్నాయి.

వాల్వుల గురించి ఒక సంగతి చెప్పాలి. మొదట హీటర్ ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పెట్టి పరీక్షించి నాలుగు సిలిండర్లలోనూ గాలి కారిపోతోందనీ, వాల్వులన్నీ పోయాయనీ చెప్పారు. క్యామ్‌లు ఉన్న పై భాగాన్ని విప్పి మళ్ళీ గాలి పెడితే ఒక్క మూడో సిలిండర్‌లోనే కారింది.

పాతడీజిల్_మాస్టారు
వీణ గారు చెప్పిన చివరి విషయాన్ని అందరూ రెండుసార్లు చదవాలి. గాలి పెట్టే పరీక్షలో గాలి ఇన్‌టేక్ వైపు, అంటే గాలి లోపలికి వచ్చే దారిలో, బుసకొడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ అని మేము పిల్లలకు నేర్పేవాళ్ళం. కాని ఆ పాఠమంతా క్యామ్ తన చోట ఉన్న ఇంజన్‌కే చెల్లుతుంది. టైమింగ్ తప్పిన ఇంజన్‌లో పిస్టన్ టాప్‌లో ఉన్నా వాల్వు తెరుచుకునే ఉండవచ్చు, అప్పుడు మంచి వాల్వు నుంచి కూడా గాలి కారుతుంది. క్యామ్ పైకి తీసేస్తే వాల్వులన్నీ స్ప్రింగుల బలానికి మూసుకుంటాయి కనుక అప్పుడు చెప్పే తీర్పు న్యాయమైనది.

ఇంకొక మాట. నేను నాగావళి గారికి చెప్పిన నట్లు వదులు చేసే పరీక్షను స్విఫ్ట్ లాంటి కామన్ రైల్ కార్ల మీద ఎవరూ చేయకూడదు. అక్కడ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్‌కు పైగా చేరుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ కార్లకు స్కానర్‌లోనే రైల్ ఒత్తిడి, సెల్ఫ్ వేగం చూసుకోవాలి. సెల్ఫ్ తిరుగుతున్నా స్కానర్‌లో ఇంజను వేగం సున్నా అని చూపిస్తే క్రాంక్ సెన్సార్ వైపు చూడవచ్చు, అంతకు ముందు కాదు.

చీపురుపల్లి_చిన్నోడు
ట్రాక్టరు సలహాకు క్షమించాలి. అయితే ఒక అనుమానం ఉంది. క్రాంక్ గేరును పట్టి ఉంచే చీల అరిగిపోతే గేరు మీది గుర్తు కలిసినా లోపల క్రాంక్ వేరే చోట ఉంటుంది కదా? హీటర్ ప్లగ్గు రంధ్రంలో సన్నని పుల్ల పెట్టి పిస్టన్ నిజంగా టాప్‌కు వచ్చిందో లేదో చూడవచ్చు.

పాతడీజిల్_మాస్టారు
అనుమానం చాలా మంచిది, పద్ధతి మాత్రం ఈ ఇంజన్‌కు పనికిరాదు. 1405 సీసీ ఇండికా ఇంజన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, తలలో ఉన్న చిన్న గదిలో పడి అక్కడ అంటుకుని ఆ మంట కిందికి వస్తుంది. హీటర్ ప్లగ్గు, నాజిల్ రెండూ ఆ గదిలోకే తెరుచుకుంటాయి, పుల్ల పెడితే గది గోడకు తగిలి ఆగుతుంది, లేదా విరిగి అందులోనే ఉండిపోతుంది. చీల సంగతి తెలియాలంటే బెల్టు మీద ఉండగానే కింది గేరును చేత్తో రెండు వైపులా ఆడించి చూడాలి, లేదా పుల్లీ విప్పి కళ్ళతో చూడాలి. ఎలాగూ కంప్రెషన్ కూడా కొలవాలి. డీజిల్ గేజీ అద్దెకు దొరికితే తెచ్చుకోండి, పెట్రోలు ఇంజన్ల గేజీ ఈ ఒత్తిడికి పగిలిపోతుంది.

నాగావళి_ఒడ్డు
శ్రీకాకుళంలో ఒక పంపు షాపు ఆయన ఒక పూట కోసం గేజీ ఇచ్చారు, పూచీగా నా సైకిలును అక్కడ ఉంచుకున్నారు. నాలుగు హీటర్ ప్లగ్గులూ తీసి, పంపు సోలనాయిడ్ తీగ ఊడదీసి కొలిచాను. వరుసగా 27, 26, 27, 25 బార్ వచ్చాయి. పుల్లీ విప్పి చూశాను, చీల చెక్కుచెదరలేదు, గాడి కూడా అరగలేదు. క్రాంక్‌ను పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాను, ఎక్కడా అడ్డు తగలలేదు.

సాలూరు_లారీ
నా వాదన ఇక్కడితో ముగిసింది. ఇంత వయసున్న బండికి ఈ అంకెలు వచ్చాయంటే వాల్వులు, రింగులు బాగున్నట్టే. కంప్రెషన్ ఉంది, డీజిల్ ఉంది, వేడి ఉంది, అయినా మండడం లేదు. పొలం, నీరు, విత్తనం అన్నీ ఉండి కార్తె తప్పినట్టు ఉంది.

నాగావళి_ఒడ్డు
ఒక్క పన్ను జారి ఉండే అవకాశం లేదా? ఉదాహరణకు క్రాంక్ గేరుకు 20 పళ్ళు, క్యామ్ గేరుకు 40 పళ్ళు అనుకుంటే ఒక్క పన్ను తేడా క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు అవుతుంది, అది తక్కువేమీ కాదు.

పాతడీజిల్_మాస్టారు
లెక్క సరైనదే. క్యామ్ ఒక పన్ను జారితే కంప్రెషన్ నాలుగింటిలోనూ ఒకే తీరుగా తగ్గేది, ఇక్కడ తగ్గలేదు. పంపు ఒక పన్ను జారితే ఇంజను కష్టం మీదైనా అందుకునేది, గట్టిగా కొట్టుకునేది, లేదా తెల్ల పొగ కక్కుతూ నడిచేది. ఇన్నాళ్ళలో ఒక్క సిలిండర్ కూడా ఒక్కసారైనా దగ్గలేదంటే తప్పు ఇంతకంటే పెద్దది.

సాలూరు గారు కార్తె అన్నారు, నా అనుమానం కూడా అక్కడే ఉంది. నేను మొదటి రోజు నుంచి పట్టుకున్నది ఒక్కటే, గాలి గొట్టంలోంచి వెనక్కి వస్తున్న పొగ. డీజిల్ పడే క్షణంలో ఇన్‌టేక్ వాల్వు మూసి ఉండాలి. పొగ అటు నుంచి వస్తోందంటే డీజిల్ పడుతున్నప్పుడు ఆ తలుపు తెరిచి ఉంది. ఇప్పుడు ఖర్చు లేని ఒక పరీక్ష చేయండి. ఒకటో సిలిండర్ హీటర్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రం మీద ఒకరు బొటనవేలు పెట్టండి, మరొకరు పానాతో క్రాంక్‌ను మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. గాలి వేలిని తోసుకుని వస్తూ వస్తూ ఆగేచోట ఒకటో సిలిండర్ నిజమైన టాప్ ఉంటుంది. అక్కడ ఆపి, మీ మూడు గుర్తులు ఎక్కడ ఉన్నాయో చెప్పండి.

నాగావళి_ఒడ్డు
మా అబ్బాయి వేలు పెట్టాడు, నేను తిప్పాను. వేలిని తోసిన చోట ఆపి చూస్తే క్రాంక్ గుర్తు కలిసింది. క్యామ్ పెయింటు గుర్తు మాత్రం సరిగ్గా కిందికి, అంటే ఎదురు వైపుకు ఉంది, పంపు గాటు కూడా ఎదురు వైపుకే ఉంది. మళ్ళీ ఒక చుట్టు తిప్పి మూడు గుర్తులూ కలిపి చూస్తే వేలి దగ్గర గాలి ఒత్తిడే లేదు, నాలుగో సిలిండర్‌లో ఉంది. నాకు అనుమానం వచ్చి క్యామ్ గేరును కిరసనాయిలుతో శుభ్రంగా కడిగాను. జిడ్డు కింద, పెయింటు గుర్తుకు సరిగ్గా ఎదురు వైపున, పోత పోసినప్పుడే వేసిన చిన్న గుంట గుర్తు బయటపడింది.

టెక్కలి_టర్బో
మూడు గుర్తులూ కలిసినా తప్పేనా? అలాంటప్పుడు గుర్తులు ఎందుకు?

పాతడీజిల్_మాస్టారు
గుర్తులు అబద్ధం ఆడలేదు బాబూ, అవి రెండు వేర్వేరు చుట్లకు చెందినవి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక సిలిండర్ పని పూర్తి కావడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి, క్యామ్, పంపు ఒక్క చుట్టే తిరుగుతాయి. క్రాంక్ గుర్తు ప్రతి చుట్టుకూ ఒకసారి కలుస్తుంది, అందుచేత అది ఒకటో సిలిండర్ మండే టాప్‌లోనూ కలుస్తుంది, నాలుగో సిలిండర్ మండే టాప్‌లోనూ కలుస్తుంది. ఎవరో బెల్టు తీసేముందు క్రాంక్ గుర్తు కలిసిందని చూసుకుని, ఏ సిలిండర్ టాప్ అన్నది చూసుకోకుండా, క్యామ్ మీద పెయింటు పెట్టాడు. అది నాలుగో సిలిండర్ టాప్. పంపును మాత్రం దాని అసలు గాటు ప్రకారం, అంటే ఒకటో సిలిండర్ టాప్‌కు పెట్టాడు. క్యామ్‌కూ క్రాంక్‌కూ మధ్య పొత్తు చెడలేదు కనుక వాల్వులకు దెబ్బ తగలలేదు, కంప్రెషన్ నిండుగా ఉంది, చేత్తో తిప్పితే అడ్డు లేదు. పంపు మాత్రం ఒకటో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటున్న సమయంలో డీజిల్ పోస్తోంది, అందుకే పొగ రెండు వైపులకూ వెళ్ళింది.

నా అంచనా ఏమిటంటే, బెల్టు మార్చిన రోజే పంపును కూడా కిందికి దించి ఉంటారు. పంపు దాని చోటే ఉండి ఉంటే దాని మీద కూడా పెయింటే ఉండేది.

నాగావళి_ఒడ్డు
అమ్మినాయనకు ఫోను చేసి మెల్లగా అడిగాను. పంపు సీలు కారుతుంటే విశాఖపట్నం పంపించి బాగుచేయించారట, అది తిరిగి వచ్చేసరికి ఎలాగూ విప్పారు కదా అని బెల్టు కూడా మార్చారట, ఆ రోజు నుంచే బండి అందుకోలేదట. ఈ మాటలు నాకు అమ్మేటప్పుడు గుర్తుకు రాలేదట. 360 డిగ్రీలు తిరిగితే బయలుదేరిన చోటికే చేరుతామని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను, ఈ ఇంజన్‌కు మాత్రం 720 కావాలని నా డబ్బులతో నేర్చుకున్నాను.

రాజాం_స్పానర్
బెల్టు విప్పకుండానే ఒక ఉపాయం తోస్తోంది. మండే వరుస 1-3-4-2 కదా, పంపు సరిగ్గా అర చుట్టు తప్పి ఉంటే ఒకటో పైపును నాలుగో దానికీ, రెండో దాన్ని మూడో దానికీ మార్చి బిగిస్తే సరిపోదా?

పాతడీజిల్_మాస్టారు
సూత్రం నూటికి నూరు పాళ్ళు సరైనది, మీరు ఇంజన్‌ను అర్థం చేసుకున్నారు. కాని అవి రబ్బరు గొట్టాలు కావు, ఒక్కొక్కటీ తన చోటికి తగినట్టు వంచిన ఉక్కు పైపులు. బలవంతంగా వంచి బిగిస్తే పది రోజులకు నట్టు దగ్గర పగులుతాయి. పైగా రేపు ఇంకెవరో బెల్టు మార్చి గుర్తుల ప్రకారం సక్రమంగా పెట్టినప్పుడు బండి మళ్ళీ అందుకోదు, అతను మనలాగే నెల రోజులు కొట్టుకుంటాడు.

బొబ్బిలి_వీణ
మా కారులో ఈ పొరపాటు జరిగే వీలు లేదన్నమాట. డీజిల్ ఏ చుట్టులో పోయాలన్నది అక్కడ క్యామ్ సెన్సార్ చూసి కంప్యూటరు నిర్ణయిస్తుంది, పంపు ఒత్తిడి మాత్రమే ఇస్తుంది.

పాతడీజిల్_మాస్టారు
అవునమ్మా. అందుకే మీకు కోడ్ వచ్చింది, ఈయనకు పొగ వచ్చింది.

నాగావళి గారూ, ఇక పని. క్యామ్ గేరును మాత్రం విడిగా తిప్పవద్దు, పిస్టన్లు టాప్‌లో ఉండగా క్యామ్ తిప్పితే ఇన్నాళ్ళూ కాపాడుకున్న వాల్వులు అప్పుడే వంగుతాయి. బెల్టు మీద ఉండగానే క్రాంక్‌ను తిప్పి, ఒకటో సిలిండర్ వేలిని తోసే టాప్‌కు తెచ్చి, క్యామ్ గేరు మీది అసలు గుంట గుర్తు తన చోట ఉందని చూసుకోండి. అక్కడ క్రాంక్, క్యామ్ కదలకుండా కట్టేసి బెల్టు తీయండి, పంపు గేరును ఒక్కదాన్నే అర చుట్టు తిప్పి గాటు కలపండి. పంపు లోపలి స్ప్రింగుల వల్ల గేరు మధ్యలో ఒక్కసారి గెంతుతుంది, పానా గట్టిగా పట్టుకోండి. బెల్టు వేసి, టెన్షనర్ బిగించి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మూడు గుర్తులూ వేలితో సహా మళ్ళీ చూసుకున్న తరువాతే సెల్ఫ్ ముట్టుకోండి.

అంతకంటే ముందు ఇంజను ఆయిల్ మార్చండి. ఇన్ని రోజులు మండని డీజిల్ పిస్టన్ల పక్క నుంచి జారి ఆయిల్‌లో కలిసి ఉంటుంది, గేజీ పుల్ల తీసి చూస్తే మట్టం పెరిగి ఉంటుంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, అది ఎక్కువై గాలి దారిలోకి వస్తే ఇంజను తాళం తీసినా ఆగకుండా పరుగెత్తుతుంది. మొదటిసారి లేపేటప్పుడు గాలి గొట్టం మూసేందుకు ఒక చెక్క పలకను దగ్గర ఉంచుకోండి, చేయి మాత్రం పెట్టకండి.

పలాస_జీడి
వాసన చూస్తే ఆయిల్‌లో డీజిల్ ఉందో లేదో తెలుస్తుంది. మట్టం సంగతి కూడా చెప్పండి.

నాగావళి_ఒడ్డు
మట్టం పై గీతకు రెండు వేళ్ళు పైన ఉంది, వాసన పెట్రోలు బంకులా ఉంది. ఆదివారం ఉదయం పని మొదలుపెట్టి మాస్టారు చెప్పిన వరుసలోనే చేశాను. పంపు గేరు గెంతుతుందని చెప్పకపోయి ఉంటే నా మణికట్టు పోయేది. ఆయిల్, ఫిల్టర్ మార్చాను, ప్రైమర్ నొక్కాను, హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాను. నాలుగో ప్రయత్నంలో రెండు సిలిండర్లు దగ్గాయి, ఐదోసారి బండి అందుకుంది. మొదటి అయిదు నిమిషాలు పాక అంతా తెల్లగా కమ్ముకుపోయి పక్కింటివాళ్ళు నీళ్ళ బిందెలతో వచ్చారు. తరువాత పొగ తగ్గింది, కాని ఇంజను రాయి మీద సుత్తితో కొట్టినట్టు శబ్దం చేస్తోంది.

పాతడీజిల్_మాస్టారు
ఆ శబ్దం డీజిల్ కొంచెం ముందుగా పడుతున్నందుకు. పంపును పట్టి ఉంచే బోల్టుల రంధ్రాలు పొడవుగా ఉంటాయి, అవి వదులు చేసి పంపు ఒడలిని పిసరంత తిప్పవచ్చు. ఇప్పుడున్న చోటికి ముందు ఒక గీత గీసుకోండి. చెవితో పెట్టినది తాత్కాలికమే, పంపు షాపులో డయల్ గేజీతో ఒకసారి సరిచేయించండి. క్యామ్ మీది ఆ పెయింటును ఈ రోజే గీకేయండి.

నాగావళి_ఒడ్డు
పెయింటు గీకేశాను. పంపు షాపు ఆయనే వచ్చి డయల్ పెట్టి సరిచేసి 600 తీసుకున్నారు, సైకిలు కూడా తెచ్చి ఇచ్చారు. ఇంజను ఇప్పుడు నిలకడగా తిరుగుతోంది. మొదటి గేరు వేసి వదిలితే బండి ముందుకు కదలడం లేదు, వెనక డ్రమ్ములు పట్టేసినట్టున్నాయి. దానికి వేరే ప్రశ్న వేస్తాను.

చీపురుపల్లి_చిన్నోడు
అదృష్టం బాగుంది, మొదటి రోజే ట్రాక్టరు కట్టి ఉంటే తాడు తెగేది, బండి కదిలేది కాదు.